బుడమేరు మళ్ళింపు: వెలగలేరు షట్టర్ల నుంచి కొల్లేరు దాకా ఒక కేస్ స్టడీ

విజయవాడకు ఎగువన బుడమేరు ఏటిని ఆపి తిప్పే వెలగలేరు హెడ్ రెగ్యులేటరు మీద దిగువకు ముఖం పెట్టి నిలబడితే కాళ్ళ కింద పదకొండు షట్టర్లు. ఎదురుగా పాత బుడమేరు, విజయవాడ మీదుగా కొల్లేరుకు పోయే దారి. కుడిచేతి వైపు మళ్ళింపు కాలువ. బుడమేరు డైవర్షన్ ఛానెల్ అని దాని పూర్తి పేరు, అందరూ బీడీసీ అంటారు. సుమారు 12 కిలోమీటర్లు నడిచి ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద కృష్ణలో కలుస్తుంది. షట్టర్లు దించితే నీరు కుడికి తిరిగి కృష్ణకు పోతుంది. ఎత్తితే నేరుగా బెజవాడ వైపు పోతుంది.

నేను ఉద్యోగ జీవితమంతా ఇరిగేషన్, డ్రైనేజీ పనుల్లో గడిపినవాణ్ణి. బుడమేరు బాధ్యతలో ఎప్పుడూ లేను. అయినా 2024లో విజయవాడను ముంచిన బుడమేరు వరద తర్వాత ఈ కట్టడం నన్ను వదల్లేదు. ఆ వరద మీద జరిగిన చర్చ దాదాపుగా రెండు మాటల దగ్గర ఆగిపోయింది. కాలువ వెడల్పు చేయాలి, ఆక్రమణలు తీసేయాలి. రెండూ అవసరమే, కానీ ఆ రెండింటితో పని పూర్తి కాదు. వరదకు ఒక ఫైలు, మురుగుకు ఇంకో ఫైలు అని విడివిడిగా నడిపినంత కాలం ఈ ఏరు బాగుపడదని నా నమ్మకం. ఎందుకో లెక్కలతో సహా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఏరు, దాని రెండు దారులు

బుడమేరు మైలవరం చుట్టుపక్కల కొండల్లో పుడుతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం పెద్దగా నీరుండదు. కొండల మీద గట్టి వాన పడితే మాత్రం గంటల్లో పొంగుతుంది. వెలగలేరు దాటాక నేల చదునైపోతుంది. అక్కడి నుంచి రాయనపాడు, సింగ్‌నగర్, రామవరప్పాడు ప్రాంతాల మీదుగా సాగి, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కిందుగా అండర్ టన్నెల్లో దూరి అవతలికి వెళ్తుంది. దాన్ని అందరూ యూటీ అంటారు. చివరికి కొల్లేరు. అదే కొల్లేరులోకి తమ్మిలేరు, రామిలేరు కూడా దిగుతాయి. అన్ని నీళ్ళూ సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే.

బుడమేరును బెజవాడ దుఃఖదాయిని అని ఊరికే అనలేదు. అందుకే వరదను నగరానికి ముందే ఆపి కృష్ణలోకి తిప్పాలని వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, బీడీసీ తవ్వారు. ఆలోచన సరైనదే. లక్షల క్యూసెక్కులు మోసే కృష్ణకు బుడమేరు తెచ్చే వేల క్యూసెక్కులు బరువు కాదు. అయితే అందులో రెండు షరతులు దాగి ఉన్నాయి. కృష్ణ ఆ సమయానికి బాగా పొంగి ఉండకూడదు. మళ్ళించిన నీరు కృష్ణలో కలపదగినదిగా ఉండాలి. బీడీసీ కలిసేది ప్రకాశం బ్యారేజీకి ఎగువన. అక్కడ నిలిచే మూడు టీఎంసీల పైచిలుకు నీరే డెల్టా కాలువలకు, విజయవాడ కుళాయిలకు ఆధారం.

మళ్ళింపు కట్టడం ఒకటే అయినా అది మార్చేది రెండు ప్రవాహాలను. నీరు తీసుకునే కృష్ణ ఎలాగూ మారుతుంది. నీరు కోల్పోయిన పాత ఏరు కూడా మారుతుంది. బుడమేరు విషయంలో ఈ రెండోదాన్ని మనం దాదాపు మరచిపోయాం.

ఆగస్టు 31, సెప్టెంబరు 1

2024 ఆగస్టు చివర వాయుగుండం వల్ల విజయవాడ, చుట్టుపక్కల మండలాల్లో ఒక్క రోజులో పాతిక సెంటీమీటర్లు దాటిన వాన కురిసింది. కొండల మీద నుంచి వెలగలేరుకు దిగిన నీరు 35 వేల క్యూసెక్కులకు పైనే అని అధికారుల అంచనా. బీడీసీ సామర్థ్యం 17,500 క్యూసెక్కులు. పూడిక, తుప్పల మధ్య ఆ 17,500 కూడా సాఫీగా మోసే స్థితిలో కాలువ లేదు. రెగ్యులేటరు నిలవాలంటే షట్టర్లు ఎత్తక తప్పలేదు, ఎత్తారు. దిగువన నిద్రపోతున్న వాళ్ళకు ఆ కబురు సరిగా అందలేదన్నది ఆ తర్వాత వచ్చిన పెద్ద విమర్శ.

అంతటితో ఆగలేదు. బీడీసీ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఎడమ గట్టు అంటే బెజవాడ వైపు గట్టు. కృష్ణకు పంపామనుకున్న నీరు కూడా గండ్లలోంచి తిరిగి పాత బుడమేరు పల్లానికే వచ్చింది. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, వాంబే కాలనీ వీధుల్లో నీరు రోజుల తరబడి నిలిచింది. కింది అంతస్తు మునిగి జనం డాబాల మీద గడిపారు. రాయనపాడు స్టేషన్లో రైళ్ళు నిలిచిపోయాయి. సైన్యం దిగి రాళ్ళు నింపిన గేబియన్ బుట్టలు వేసింది. జలవనరుల శాఖ మంత్రి నిమ్మల రామానాయుడు రాత్రింబవళ్ళు గట్టు మీదే ఉన్నారు. మూడో గండి సెప్టెంబరు 7న పూడింది.

అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద నడుస్తోంది. బ్యారేజీ చరిత్రలో నమోదైన వాటిలో అదే పెద్దది.

వరద పరిమాణం

క్యూసెక్కు అన్న మాట చాలామందికి చెవిన పడుతుంది గానీ కళ్ళకు కట్టదు. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే ఒక క్యూసెక్కు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. వెలగలేరుకు 35 వేలు వచ్చి, కాలువ 17,500 మోసిందనుకుందాం. అప్పుడు మిగిలిన 17,500 క్యూసెక్కులు ఒక్క రోజులో ఒకటిన్నర టీఎంసీ అవుతాయి, అంటే దాదాపు 4.3 కోట్ల ఘనపు మీటర్లు. 40 చదరపు కిలోమీటర్ల పల్లంలో సమంగా పరిస్తే మీటరు లోతు దాటుతుంది. నగరంలో నేల సమంగా ఉండదు కాబట్టి ఒక వీధిలో మోకాలి లోతు, పక్క వీధిలో మనిషి లోతు. ఇందులో గండ్ల నీరు కలపలేదు, నగరం మీద పడిన వాన కూడా కలపలేదు.

2005 వరద కూడా నగరాన్ని ముంచింది. బీడీసీని 37,500 క్యూసెక్కులకు పెంచాలన్న ప్రతిపాదన చాలా ఏళ్ళుగా కొంత కాగితం మీద, కొంత నేల మీద నడుస్తోంది. పూర్తయితే 2024 లాంటి వరదకు ఆ అంకె సరిపోయేలాగే కనిపిస్తుంది. ఏ పరిస్థితుల్లో సరిపోతుంది అన్నదే ప్రశ్న.

ఏ కాలువ అయినా ఎంత నీరు మోస్తుందో చెప్పడానికి మేము మానింగ్ సూత్రం వాడతాం. దాన్ని మామూలు మాటల్లో చెప్పవచ్చు. వెడల్పు రెట్టింపు చేస్తే, లోతు అంతే ఉంటే, ప్రవాహం దాదాపు రెట్టింపవుతుంది. గట్టు పెంచి లోతు ఇరవై శాతం ఎక్కువ పారనిస్తే ప్రవాహం 35 శాతం పెరుగుతుంది. వాలు నాలుగో వంతుకు పడిపోతే ప్రవాహం సగమవుతుంది. ఇక నాలుగోది గరుకుతనం. శుభ్రంగా ఉన్న మట్టి కాలువకు దీన్ని 0.025 అని తీసుకుంటాం. తూటికాడ, జమ్ము, గుర్రపు డెక్క పట్టిన కాలువకు 0.040 వేసినా తప్పు లేదు. ఆ ఒక్క మార్పుతో 17,500 క్యూసెక్కుల కాలువ 11 వేలకు పడిపోతుంది. గట్టు అంగుళం కూడా తగ్గదు, నేల ఎక్కడా మారదు, కలుపు ఒక్కటే మూడో వంతుకు పైగా సామర్థ్యాన్ని తినేస్తుంది.

ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో ఒక డెల్టా డ్రెయిన్ మీద ఈ సంగతి నాకు నేర్పింది ఒక లస్కరు, అంటే కాలువ గట్లను కనిపెట్టుకుని ఉండే కింది ఉద్యోగి. తుఫాను కబురు వచ్చింది, వంతెన ఖానాల దగ్గర గుర్రపు డెక్క చాపలా పరుచుకుని ఉంది. "ముందు ఆ డెక్క లాగించండి సార్, ఇసుక బస్తాలు తర్వాత చూద్దాం" అన్నాడు. ఇరవై మంది కూలీలు గునపాలు, తాళ్ళతో రాత్రంతా లాగారు. తెల్లారేసరికి ఎగువన నీటిమట్టం కళ్ళెదుట దిగింది. ఆ ఏడు ఆ డ్రెయిన్ గట్టు నిలిచింది. మానింగ్ సూత్రం కాలేజీలో చదివినా, దాని అర్థం ఆ రాత్రి తెలిసింది.

గుర్రపు డెక్క ఊరికే పెరగదు. దానికి ఎరువు కావాలి. ఆ ఎరువు మన ఇళ్ళ మురుగే. దీనికి మళ్ళీ వస్తాను.

కృష్ణ నిండుగా ఉన్నప్పుడు

బీడీసీ చివర కృష్ణ మట్టం ఎంత ఉంటే కాలువ వాలు అంత తగ్గుతుంది. ఉదాహరణకు కాలువ మొదటికీ చివరకీ నీటి మట్టంలో నాలుగు మీటర్ల తేడా ఉందనుకుందాం. కృష్ణ మూడు మీటర్లు పెరిగితే మిగిలేది మీటరు, అంటే నాలుగో వంతు. చివరన లోతు పెరుగుతుంది కాబట్టి ప్రవాహం కచ్చితంగా సగానికి పడిపోదు. కానీ ఆ పెరిగిన లోతంతా గట్టు ఎత్తులోంచే తీసుకున్నది. ఫ్రీబోర్డ్ అని మనం వదిలిన ఖాళీ అక్కడే కరిగిపోతుంది. కృష్ణ ఇంకా పెరిగితే నీరు వెనక్కి కూడా తోస్తుంది.

కృష్ణలో పెద్ద వరద మామూలుగా పైనుంచి, శ్రీశైలం, సాగర్ దాటి వస్తుంది. దానికి సమయం పడుతుంది. అందుకే బుడమేరు వరదా కృష్ణ వరదా వేరువేరు రోజుల్లో వస్తాయన్న ధీమా చాలాకాలం ఉండేది. 2024లో మున్నేరు, వైరా, కట్టలేరు లాంటి దగ్గరి ఉపనదులు కూడా అదే వాయుగుండానికి పొంగాయి. ఒకే వాన రెండింటినీ ఒకేసారి నింపింది. ఇక ముందు డిజైన్ చేసేవారు బీడీసీ సామర్థ్యాన్ని ఒక్క అంకెగా చెప్పకూడదు. కృష్ణ ఇంత మట్టంలో ఉంటే ఇంత, ఇంకో మీటరు పైకి ఉంటే ఇంత అని పట్టిక ఇవ్వాలి. షట్టర్ల దగ్గర ఉన్న ఇంజనీరు చేతిలో ఆ పట్టిక ఉండాలి.

చివర తలుపులు పెట్టి కృష్ణ నీరు వెనక్కి రాకుండా ఆపవచ్చు కదా అని అడుగుతారు. ఆపవచ్చు. అప్పుడు బుడమేరు నీరు కాలువలోనే నిలిచి గట్ల మీదికి ఎక్కుతుంది. తలుపులు పెట్టాలంటే ఎగువన ఆ నీరు కొన్ని గంటలు ఆగడానికి చోటుండాలి.

ఆ చోటు గురించి ఇంకో లెక్క. 17,500 క్యూసెక్కుల మిగులు గంటకు 0.063 టీఎంసీ. అర టీఎంసీ పట్టే చోటు వెలగలేరుకు ఎగువన ఉంటే ఎనిమిది గంటలు కొనుక్కున్నట్టు. కొండవాగు వరదలో ఎనిమిది గంటలంటే చాలా పెద్ద మాట. రెండు మీటర్ల లోతు లెక్కేస్తే అందుకు సుమారు 1,750 ఎకరాలు కావాలి. అంతా సేకరించి రిజర్వాయరు కట్టనక్కరలేదు. పైనున్న చెరువుల్లో పూడిక తీసి, కలుజులు సరిచేసి కొంత సంపాదించవచ్చు. మిగిలినదానికి ఏటి పక్క పల్లపు పొలాలతో ఒప్పందం చేసుకోవచ్చు. భూమి రైతుదే, సేద్యం రైతుదే, పెద్ద వరద వచ్చిన ఏడాది మాత్రం నీరు నిలవనిచ్చి పంటకు పూర్తి పరిహారం ఇవ్వాలి. ఆ డబ్బు ఆలస్యం కాకుండా వస్తుందన్న నమ్మకం రైతుకు కలిగితేనే ఇది నడుస్తుంది. మునిగిన పొలానికి పరిహారం కోసం రైతును ఆఫీసుల చుట్టూ తిప్పితే రెండోసారి ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

అదే కాలువలో గోదావరి

2015 నుంచి గోదావరి మీది పట్టిసీమ ఎత్తిపోతల నీరు పోలవరం కుడి కాలువ ద్వారా వచ్చి, వెలగలేరుకు ఎగువన బుడమేరులో కలిసి, బీడీసీ మీదుగానే కృష్ణకు చేరుతోంది. పట్టిసీమలో 24 పంపులు, మొత్తం 8,500 క్యూసెక్కులు. డెల్టా నారుమళ్ళకు అది ఎంత ఊరటో డెల్టాలో పుట్టినవాడిగా నాకు తెలుసు. ఆ నీరు ఆగాలని నేను కోరడం లేదు.

కానీ పంపులన్నీ నడిచేది సరిగ్గా వానాకాలంలోనే. అప్పుడు 17,500 క్యూసెక్కుల కాలువలో దాదాపు సగం ముందే నిండి ఉంటుంది. 37,500కు పెంచాక కూడా 8,500 తీసేస్తే మిగిలేది 29 వేలు, అంటే 2024 వరదకు చాలదు. పంపులు ఆపేస్తే సరిపోతుందా? కుడి కాలువ పొడవు సుమారు 178 కిలోమీటర్లు. నీరు సెకనుకు మీటరు వేగంతో నడిస్తే అక్కడ పంపు ఆపిన నీరు ఇక్కడ తగ్గడానికి రెండు రోజులు పడుతుంది. అంటే వాన మొదలయ్యాక ఆపడం దండగ. వాతావరణ శాఖ భారీ వర్షం హెచ్చరిక ఇచ్చిన రోజే పంపులు ఆగాలి, కాలువ దారిలో ఉన్న ఎస్కేప్‌ల దగ్గర నీరు బయటికి వదలాలి. వాన రాకపోతే రెండు రోజుల నీరు పోయిందని ఎవరినీ తప్పుపట్టకూడదు. ఈ నియమం రాతపూర్వకంగా ఉంటేనే ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాడు టెన్షన్ లేకుండా నిర్ణయం తీసుకోగలడు.

గట్టు

మట్టి గట్టు పైనుంచి నీరు పొర్లితే నిలవదు. అది అందరికీ తెలిసిందే. తెలియకుండా చంపేది ఊట. ఎలుక బొరియ, ఎండిన చెట్టు వేరు, పాత తూము పక్కన సరిగా కూరని మట్టి. అలాంటి చోట ముందు చెమ్మ, తర్వాత సన్నటి ఊట, ఆ తర్వాత బుంగ. ఊట నీరు తేటగా ఉంటే ఇంకా సమయం ఉంది. బురదగా వస్తే లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం. గట్టు మీద తిరిగే లస్కరుకు ఈ తేడా చూపులోనే తెలుస్తుంది. లస్కరు పోస్టులు ఖాళీగా పెట్టుకుని సెన్సర్లు కొనడం నాకు నచ్చదు. రెండూ కావాలి, ముందు మనిషి కావాలి.

గండ్లు పడ్డ చోట బలమైన గోడ కట్టడం సహజం. నా ఆందోళన ఆ గోడ రెండు చివర్ల గురించి. కాంక్రీటు ఆగి మట్టి మొదలయ్యే అతుకు దగ్గరే తర్వాతి గండి పడుతుంది, జాగ్రత్త తీసుకోకపోతే. ఆ అతుకుల దగ్గర రేగడి మట్టిని పొరలు పొరలుగా రోలరుతో కూరి, గోడను మట్టిలోకి బాగా లోపలికి పొడిగించాలి.

ఇంకోటి, గట్టు ఎక్కడ పొర్లాలో మనమే నిర్ణయించాలి. పెద్ద వరదలో నీరు ఎక్కడో ఒకచోట గట్టు దాటుతుంది. జనం లేని వైపు, రాతి కట్టు వేసిన ఒక పొర్లుకట్టను కొంచెం తక్కువ ఎత్తులో పెడితే నీరు అక్కడ దాటుతుంది, గట్టు తెగదు. బీడీసీలో అలాంటి చోటు ఎడమ వైపు ఉండకూడదన్నది 2024 నేర్పింది.

మురుగు: ఎవరూ లెక్కలోకి తీసుకోని సగం

వెలగలేరు షట్టర్లు మూసి ఉన్న రోజులే ఏడాదిలో ఎక్కువ. ఆ రోజుల్లో పాత బుడమేరుకు పైనుంచి నీరు రాదు. కానీ నగరం నుంచి మురుగు రోజూ వస్తుంది. ఏరు కాస్తా మురుగు కాలువ అవుతుంది. మురుగు కాలువ అయ్యాక దాన్ని చూసే కళ్ళు మారిపోతాయి. చెత్త పోసేవాడికి సంకోచం ఉండదు, గట్టు మీద ఇల్లు వేసేవాడికి అడ్డు చెప్పే ఊరు ఉండదు. ఆక్రమణ అలా మొదలవుతుంది. బుల్డోజరుతో ఒకసారి తొలగించవచ్చు. తొలగించిన చోట మళ్ళీ మురుగే పారితే మళ్ళీ అదే జరుగుతుంది. పైగా అక్కడ ఉన్నవాళ్ళలో చాలామంది పేదలు. వారికి పనికి దగ్గరలో ఇల్లు చూపకుండా ఖాళీ చేయిస్తే ఇంకో పల్లంలోకి చేరతారు.

మురుగులోని నత్రజని, భాస్వరం గుర్రపు డెక్కను పెంచుతాయి. డెక్క వంతెన ఖానాలను, ఎనికేపాడు యూటీ నోటిని మూసేస్తుంది. కలుపుతో కాలువ సామర్థ్యం మూడో వంతుకు పైగా పోతుందని పైన లెక్క వేశాను. అదే లెక్క పాత బుడమేరుకు కూడా. వరద వచ్చిన రోజున పాత ఏటి సామర్థ్యంలో ఎంత మిగిలింది, యూటీలోంచి ఎంత దూరింది అన్నది వేసవిలో ఏట్లో ఏం పారిందన్నదాని మీద ఆధారపడుతుంది. మురుగు, వరద రెండు ఫైళ్ళు కావు అన్నది ఇందుకే. ఇదంతా చివరికి చేరేది కొల్లేరుకు. 1999లో అభయారణ్యంగా, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న రాంసర్ చిత్తడి నేలగా గుర్తించిన సరస్సు అది. చేపల చెరువుల ఒత్తిడి ఒక పక్క, నగరాల మురుగు ఇంకో పక్క.

శుద్ధి ప్లాంటు కడితే చాలదా? పాక్షికంగా చాలుతుంది. స్నానానికి పనికొచ్చే నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన హద్దు లీటరుకు 3 మిల్లీగ్రాముల బీఓడీ. బీఓడీ అంటే నీటిలోని సేంద్రియ మురికిని తినడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్, అది ఎక్కువైతే మురికి ఎక్కువ. ప్లాంటు బాగా నడిచి 10కి దించిందనుకుందాం. అది 3కి రావాలంటే, 1 బీఓడీ ఉన్న మంచి నీరు మూడున్నర రెట్లు కలవాలి. రోజుకు 10 కోట్ల లీటర్ల శుద్ధి నీటికి 35 కోట్ల లీటర్ల మంచి నీరు. ఆ అంకె పెద్దగా వినిపిస్తుంది గానీ, క్యూసెక్కుల్లో 143 మాత్రమే.

వెలగలేరు ముందు నుంచే వేల క్యూసెక్కుల గోదావరి నీరు పోతోంది. అందులో 150 క్యూసెక్కులు పాత ఏటికి వదిలితే డెల్టాకు తెలియను కూడా తెలియదు, ఏటికి మాత్రం ప్రాణం వస్తుంది. దీనికి పెద్ద షట్టరును కాస్త ఎత్తి ఉంచడం సరైన పద్ధతి కాదు. సన్నటి సందులోంచి నీరు విపరీతమైన వేగంతో దూకి ఆప్రాన్‌ను, అంటే షట్టర్ల దిగువన పరిచిన గట్టి నేలను, కొరుకుతుంది, ఎంత పోతోందో లెక్కా తెలియదు. రెగ్యులేటరు పక్కన ప్రత్యేకంగా ఒక చిన్న తూము, దాని వెనుక ఎంత నీరు పోతోందో కొలిచే ఇరుకు కాలువ (ఫ్లూమ్), అంతే. పట్టిసీమ నీరు లేని వేసవిలో ఈ సాయం ఉండదు. అందుకని శుద్ధిలో బీఓడీ ఒక్కటే కాదు, నత్రజని, భాస్వరం కూడా తగ్గించే ప్లాంట్లే కావాలి.

నగరంలో ఏటిలోకి దిగే ప్రతి మురుగు నాలా దగ్గరా ఒక చిన్న మళ్ళింపు గోడ కావాలి. ఎండ రోజుల మురుగంతా గోడ వెనుక ఆగి పైపులోకి, అక్కడి నుంచి ప్లాంటుకు వెళ్తుంది. వాన నీరు గోడ దాటి ఏట్లోకి దూకుతుంది. గోడ ఎత్తు సాధారణంగా ఎండ రోజుల ప్రవాహానికి మూడింతలైనా పైపులోకి వెళ్ళేలా పెడతారు. ఇవి కాగితం మీద చాలా తేలిక. నేల మీద మూడు నెలల్లో ప్లాస్టిక్, ఇసుక కూరుకుని మూసుకుపోతాయి. మనిషి దిగకుండా పైనుంచి యంత్రంతో శుభ్రం చేసేలా మొదట్లోనే కట్టాలి. కార్మికుణ్ణి అందులోకి దించే డిజైన్‌ను నేను అంగీకరించను.

తొలకరి నీరు ఎటు?

వేసవి తర్వాత వచ్చే మొదటి పెద్ద వాన నీటిలో ఏడాది చెత్త, పేడ, పొలాల మందులు, రోడ్ల నూనె అన్నీ ఉంటాయి. వెలగలేరు దగ్గర ఆ నీటిని కుడికి తిప్పితే తాగునీటికి ఆధారమైన బ్యారేజీ నిల్వలోకి, ఎదురుగా వదిలితే కొల్లేరుకు. రెండూ మంచివి కావు. ఎగువన వరద నిలవడానికి చూపిన చోటే దీనికీ పనికొస్తుంది. తొలి నీరు అక్కడ ఆగి, జమ్ము, తుంగ పెరిగిన నేల మీద నెమ్మదిగా పారితే చాలా భాగం తేరుకుంటుంది.

పూడిక విషయంలో మాత్రం అతిగా ఆశపడకూడదు. 0.2 మిల్లీమీటర్ల ఇసుక రేణువు నిలకడ నీటిలో సెకనుకు రెండు సెంటీమీటర్లు దిగుతుంది, రెగ్యులేటరు ముందు తవ్విన గుంతలో ఆగిపోతుంది. సన్నటి బంకమట్టి రేణువు రోజుకు సుమారు ఒక అడుగు దిగుతుంది. దాన్ని ఏ గుంతా ఆపలేదు. ఎర్ర నీరు కృష్ణలోకి పోక తప్పదు. కాబట్టి షట్టర్లు దించి నీరు కుడికి తిప్పిన వెంటనే తాగునీటి ప్లాంటుకు ఫోను వెళ్ళాలి. పటిక ఎంత పెంచాలో, కొన్ని గంటలు నీరు తోడడం ఆపాలో వాళ్ళు నిర్ణయించుకుంటారు. ఇరిగేషన్ వాళ్ళకూ నీటి సరఫరా వాళ్ళకూ మధ్య ఒక్క ఫోను. దీనికి టెండరు అక్కరలేదు.

పనుల వరుస

డబ్బు ఒకేసారి రాదు. కాబట్టి వరుస ముఖ్యం, ఇక్కడ తప్పు చేస్తే చేసిన పనే ముంచుతుంది. చివర నుంచి మొదలుపెట్టాలి. బీడీసీ వెడల్పు పవిత్ర సంగమం వైపు నుంచి ఎగువకు సాగాలి. థర్మల్ కేంద్రం పక్కగా, ఇబ్రహీంపట్నం ఊరి మధ్యగా పోయే ఇరుకు చోట్లు, పాత వంతెనలు ముందు తేలాలి. పైన వెడల్పు చేసి కింద ఇరుకు వదిలితే ఆ ఇరుకుకు ఎగువనే గండి. పాత బుడమేరులోనూ అంతే. ఉప్పుటేరు, ఎనికేపాడు యూటీ ముందు, సింగ్‌నగర్ తర్వాత. నగరం పక్క గట్టు కట్టి యూటీని అలాగే వదిలితే, గట్టు లోపల నగరం వాన నీరే నిలుస్తుంది.

రెగ్యులేటరు షట్టర్లకు మోటారుతో పాటు జనరేటరు, రెండూ చెడితే చేత్తో తిప్పే ఏర్పాటు, వరదలోనూ మునగని దారి ఉండాలి. ఎగువన వాన కొలిచే పరికరాలు, ఏటి మీద మట్టం చూపే గేజీలు ఉంటే కొండల్లో పడిన వాన వెలగలేరుకు చేరేలోపు కొన్ని గంటల ముందే తెలుస్తుంది.

ఆ కొన్ని గంటలు జనానికి చేరాలి. వెలగలేరులో ఇన్ని క్యూసెక్కులు వదిలారు అన్న మెసేజ్ సింగ్‌నగర్‌లో ఒక తల్లికి ఏమీ చెప్పదు. వీధి వీధిలో కరెంటు స్తంభాల మీద 2024 నీరు ఎక్కడిదాకా వచ్చిందో రంగుతో గీత వేయాలి. కింద ఇంకో రెండు గీతలు, రెండు రంగుల్లో. షట్టర్లు ఎత్తే ముందు "పసుపు గీత దాకా వస్తుంది, నాలుగు గంటల సమయం ఉంది" అని మైకులో చెప్పగలిగితే ఆమె బియ్యం, పిల్లల పుస్తకాలు, అత్తగారి మందులు ఏ ఎత్తుకు చేర్చాలో తనే చూసుకుంటుంది. ఆ గీతలు వేయడానికి వరద ఆనవాళ్ళు గోడల మీద ఇంకా ఉన్నాయి. ఇంటికి సున్నం వేస్తే అవీ పోతాయి, అందుకని అన్నిటికంటే ముందు చేయాల్సిన సర్వే అదే.